నెత్తురు లేని దెయ్యం కథ: భయం, బీభత్సం వేరుపడే చోటు

సంక్షిప్తంగా: హారర్ అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు అనుభవాలు అమ్ముడవుతున్నాయి. ఒకటి భయం, రెండోది జుగుప్స. నెత్తుటి వర్ణన వద్దనుకునే పాఠకులు చాలాసార్లు రెండోదాన్నే వద్దంటారు, మొదటిదాన్ని కోరుకుంటారు. ఈ తేడా ఎక్కడ మొదలైంది, రక్తం చూపకుండా కథ ఎలా భయపెడుతుంది, ఎవరికి ఏ పుస్తకం నప్పుతుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

"దెయ్యం కథ కావాలి గానీ నెత్తురూ నరుకుడూ ఉండకూడదు." ఈ కోరిక వినడానికి తేలికగానే ఉంటుంది. సమాధానాలే తరచూ గురి తప్పుతాయి. కొందరు పిల్లల పుస్తకం చేతిలో పెడతారు. ఇంకొందరు "అంత రక్తమేం ఉండదులే" అని ఇచ్చిన నవలలో మూడో అధ్యాయానికే పేగులు బయటపడతాయి. అడిగినవారికి కావలసింది ఈ రెండూ కాదు. రాత్రి దీపం ఆర్పడానికి చెయ్యి ఆడకూడదు, అంతేగానీ అన్నం ముందు కూర్చున్నప్పుడు కడుపులో తిప్పకూడదు.

ఒకే అరలో రెండు సరుకులు

ఈ గందరగోళం నిన్నమొన్నటిది కాదు. పాత కోటలూ అతీంద్రియ ఘటనలతో సాగే గోథిక్ నవలకు ఆంగ్లంలో ఆద్యంగా చెప్పే హొరేస్ వాల్పోల్ 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' 1764లో వచ్చింది. అందులో మొదటి పుటల్లోనే ఒక భారీ శిరస్త్రాణం మీద పడి పెళ్లికొడుకు నుజ్జునుజ్జవుతాడు. అంటే అతీంద్రియ శక్తీ, ఛిద్రమైన శరీరమూ పుట్టుకతోనే కవలలు. వీటిని విడదీసి చూడాలని గట్టిగా చెప్పినవారు అదే సంప్రదాయంలోని నవలాకారిణి ఆన్ రాడ్‌క్లిఫ్. ఆమె మరణానంతరం 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో టెర్రర్, హారర్ అనే రెండు మాటలకు వేర్వేరు అర్థాలు కట్టారు. రాబోయేదాన్ని ఊహించి వణకడం మొదటిది, అది మనసును మేల్కొలిపి విశాలం చేస్తుందన్నారు. ఎదుట పడ్డదాన్ని చూసి కొయ్యబారడం రెండోది, అది మనసును ముడుచుకుపోయేలా చేస్తుందన్నారు.

ఈ విభజన విమర్శకులకు నచ్చింది, వ్యాపారానికి పట్టలేదు. పారిస్‌లో 1897లో మొదలైన గ్రాండ్ గిన్యోల్ నాటకశాల వేదిక మీద నెత్తురు పారించడాన్నే ఆకర్షణగా చేసుకుని 1962 వరకు నడిచింది. అది మూతపడ్డ మరుసటి ఏడాది, 1963లో, రెండు సినిమాలు వచ్చాయి. హెర్షెల్ గోర్డన్ లూయిస్ తీసిన 'బ్లడ్ ఫీస్ట్' తెర నిండా అవయవాలు చూపించి స్ప్లాటర్ చిత్రాలకు ఆద్యంగా పేరు తెచ్చుకుంది. రాబర్ట్ వైజ్ తీసిన 'ది హాంటింగ్'లో దెయ్యం ఆకారం కనిపించదు. తలుపు మీద దబదబ చప్పుళ్లు, లోపలికి ఉబ్బే చెక్క, అక్కడ చిక్కుకున్న మనుషుల ముఖాలు, అంతే. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండింటినీ వీడియో దుకాణం తర్వాతి కాలంలో ఒకే అరలో పెట్టింది.

పుస్తకాల అరకూ ఇదే జరిగింది. 1967లో 'రోజ్‌మేరీస్ బేబీ', 1971లో 'ది ఎక్సార్సిస్ట్', 1974లో స్టీఫెన్ కింగ్ తొలి నవల 'క్యారీ' వచ్చి బాగా అమ్ముడయ్యాక, ప్రచురణకర్తలకు హారర్ ఒక ప్రత్యేక విభాగంగా కనబడింది. అప్పటిదాకా మామూలు సాహిత్యంగానో రహస్య కథగానో చలామణి అయిన దెయ్యం కథ కూడా ఆ గొడుగు కిందికి వెళ్లింది. కింగ్ మాత్రం తన 1981 పుస్తకం 'డాన్స్ మకాబ్‌ర్'లో మూడు మెట్లు చెప్పారు: అన్నిటికన్నా పైది ఊహలో పుట్టే భయం, దాని కింద ఎదుట పడ్డ వికృతం, అట్టడుగున కడుపు తిప్పే జుగుప్స. పైమెట్టు అందనప్పుడే కిందికి దిగుతానని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు కూడా. ఇక తెలుగులో హారర్ అనగానే చాలామందికి చేతబడి నవలే ముందు గుర్తొస్తుంది కాబట్టి ఆ మాట ఇక్కడ ఇంకొంత ఇరుకైంది.

భరతుడు ముందే గీసిన గీత

ఈ తేడాకు తెలుగు పాఠకుడు ఆంగ్ల పదాల దగ్గరికి వెళ్లక్కరలేదు. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం వేరు, బీభత్సం వేరు. భయానకానికి స్థాయీభావం, అంటే రసానికి మూలమైన భావం, భయం. బీభత్సానికి జుగుప్స. రెంటికీ చుట్టరికం ఉందని భరతుడే అన్నాడు. బీభత్సం నుంచి భయానకం పుడుతుందని ఆరో అధ్యాయంలో ఉంది. కానీ వాటి కారణాల జాబితాలు మాత్రం వేరుగా ఇచ్చాడు. వికృతమైన ధ్వనులు, భూతాల దర్శనం, నక్కల ఊళలు, గుడ్లగూబల అరుపులు, పాడుపడ్డ ఇల్లు, అడవిలో నడక భయానకానికి కారణాలు. బీభత్సంలో మళ్లీ రకాలు చెప్పాడు: రక్తం వంటివాటి వల్ల కలిగేది క్షోభజం, మలం, పురుగుల వల్ల కలిగేది ఉద్వేగి.

పాడుపడ్డ ఇల్లూ గుడ్లగూబా ఒక జాబితాలో, రక్తమూ పురుగులూ ఇంకో జాబితాలో. రెండు వేల ఏళ్ల నాటిదని పండితులు చెప్పే ఈ వర్గీకరణ నేటి పుస్తక దుకాణం కన్నా స్పష్టంగా ఉంది. నేటి వాడుకలో బీభత్సం అనే మాట తుపానుకూ పోయింది, బాగా ఆడిన సినిమాకూ పోయింది. అందుకే పాత గీత చెరిగిపోయినట్టు కనిపిస్తుంది.

శ్మశానం ఉన్నంత మాత్రాన బీభత్సం ఉండాలని లేదనడానికి బేతాళ కథలే సాక్ష్యం. పదకొండో శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్న ఈ పాతిక కథల చట్రంలో అర్ధరాత్రి ఉంది, చెట్టుకు వేలాడే శవం ఉంది, దాన్ని భుజాన మోసే రాజు ఉన్నాడు. చందమామ పుణ్యమా అని తరాల తరబడి తెలుగు పిల్లలు వాటిని చదివారు. శవం గురించి ఎవరూ జడుసుకోలేదు. కథ చూపంతా బేతాళుడి ప్రశ్న మీద ఉంటుంది, శవం ఏ స్థితిలో ఉందన్న దాని మీద ఉండదు. నెత్తురు ఎంతన్నది తేల్చేది కథలో ఏముంది అన్నది కాదు, రచయిత కళ్లు ఎక్కడ నిలిపాడన్నది.

శరీరం రెండు రకాలుగా స్పందిస్తుంది

భయం, జుగుప్స రెండూ అప్రియమైన అనుభూతులే అయినా శరీరం వాటిని ఒకేలా తీసుకోదు. భయం పారిపోవడానికి సిద్ధం చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చెవులు రిక్కించుకుంటాయి, చిన్న చప్పుడూ పెద్దదిగా వినిపిస్తుంది. జుగుప్స వెనక్కి నెట్టమంటుంది. ముక్కు చిట్లుతుంది, వాంతి వస్తున్నట్టు ఉంటుంది. రక్తం, గాయం అంటే తీవ్రమైన భయం ఉన్నవారిలో ఇంకో విచిత్రం ఉంది. రక్తపోటు, గుండె వేగం ముందు కాస్త పెరిగి ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. కళ్లు తిరుగుతాయి, కొందరు స్పృహ తప్పుతారు కూడా. పాములన్నా ఎత్తులన్నా భయపడేవారిలో సాధారణంగా ఇలా జరగదు.

కాబట్టి రక్తం వద్దనేవాళ్లంతా పిరికివాళ్లనే అంచనా తప్పు. అదే పాఠకుడు ఖాళీ ఇంట్లో అడుగుల చప్పుడు గురించి తెల్లవార్లూ చదవగలడు. పైగా జుగుప్స చదివే ఉత్సాహాన్నే తుంచేస్తుంది, భయం పుట తిప్పిస్తుంది.

చూపకుండా భయపెట్టే పనితనం

మసకగా ఉన్నదే ఎక్కువ భయపెడుతుందని తత్త్వవేత్త ఎడ్మండ్ బర్క్ 1757లోనే రాశాడు. ప్రమాదం ఎంతటిదో పూర్తిగా తెలిసిపోతే, కళ్లు దానికి అలవాటు పడితే, భయంలో పెద్ద భాగం మాయమవుతుందన్నది ఆయన వాదన. దెయ్యం కథలు రాసినవారు దీన్ని నాలుగు రకాలుగా పనిలో పెట్టారు.

మొదటిది మూసిన తలుపు. డబ్ల్యూ. డబ్ల్యూ. జాకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. కొడుకు యంత్రంలో పడి చనిపోతాడు. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న శవాన్ని తండ్రి చూశాడు, తల్లి చూడలేదు. తల్లి పట్టుబట్టడంతో, కోరికలు తీర్చే కోతి పంజా పట్టుకుని కొడుకు తిరిగి బతకాలని తండ్రి కోరతాడు. రాత్రి తలుపు చప్పుడవుతుంది. తల్లి గడియ తీయడానికి పరుగెడుతుంది. ఆమె తీసేలోగా తండ్రి మూడో కోరిక కోరతాడు. తలుపు తెరిస్తే నిర్మానుష్యమైన వీధి, దీపస్తంభం. ఛిద్రమైన శరీరమే ఈ కథకు ఇరుసు, అయినా దాన్ని పాఠకుడికి ఒక్క వాక్యంలోనూ చూపించలేదు. తలుపు అవతల ఏముందో ప్రతి పాఠకుడూ తనకు తట్టినంత భయంకరంగా కట్టుకుంటాడు. ఆ కొలతలో రాయడం ఏ రచయితకూ సాధ్యం కాదు.

రెండోది సందేహం. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'లో పిల్లలను చూసుకోవడానికి పల్లెటూరి బంగళాకు వచ్చిన యువతికి చనిపోయిన ఇద్దరు పనివాళ్లు కనిపిస్తుంటారు. నిజంగా కనిపిస్తున్నారా, ఆమె మనసు కల్పించుకుంటోందా? ఆమె భ్రమేనని విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1934లో వాదించాక మొదలైన రచ్చ ఇప్పటికీ చల్లారలేదు. అతీంద్రియమా, లోకసహజమా అని పాఠకుడు ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడే ఆ స్థితినే సాహిత్య సిద్ధాంతకారుడు త్స్వెతాన్ తొదొరొవ్ 1970లో ఫాంటాస్టిక్ సాహిత్యానికి నిర్వచనంగా చెప్పాడు. ఇలాంటి కథకు నెత్తురు అడ్డు. గాయం కనిపించిందంటే అది సాక్ష్యం, సాక్ష్యం దొరికితే సందేహం తీరిపోతుంది.

మూడోది ఆలస్యం. ఈడిత్ వార్టన్ 1910 నాటి 'ఆఫ్టర్‌వర్డ్'లో ఒక జంట పాత ఇల్లు కొంటుంది. అక్కడ దెయ్యం ఉంది గానీ, చూసినవారికి అది దెయ్యమని చాలాకాలం తర్వాత గానీ తెలియదని ముందే చెబుతారు. భయం జరిగిన క్షణంలో రాదు, ఎన్నో వారాల తర్వాత ఒక మామూలు పగటి జ్ఞాపకం తిరగబడినప్పుడు వస్తుంది.

నాలుగోది చోటు. రవీంద్రనాథ్ టాగోర్ 1895లో రాసిన 'క్షుధిత పాషాణ్' ఇందుకు గొప్ప ఉదాహరణ. పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి ఒక పాత పాలరాతి మహల్లో బస చేస్తాడు. పగలు లెక్కలు, సాయంత్రం కాగానే ఎప్పుడో చచ్చిపోయిన అంతఃపురం మేల్కొంటుంది. అత్తరు వాసన, గజ్జెల చప్పుడు, మెట్ల మీద అదృశ్యంగా పరుగెత్తే అడుగులు. పదిహేడేళ్ల వయసులో టాగోర్ అహ్మదాబాదులోని షాహీబాగ్ మహల్లో ఉన్నప్పటి అనుభవమే దీనికి బీజం. ఇక్కడ భయం తీపిగా ఉంటుంది. ఆ ఇల్లు అతన్ని చంపాలని చూడదు, తనలో కలుపుకోవాలని చూస్తుంది. రాళ్లకు ఆకలి అన్న పేరులోనే అంతా ఉంది.

షర్లీ జాక్సన్ 1959 నవల 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' ఈ నాలుగింటినీ కలిపింది. పైన చెప్పిన వైజ్ సినిమాకు మూలం ఇదే. చీకట్లో పక్క మంచం మీది స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాననుకున్న మనిషి, దీపం వెలిగాక ఆమె చాలా దూరంగా ఉండటం చూస్తుంది. మరి పట్టుకున్నది ఎవరి చెయ్యి? నవలలో గోడ మీద, బట్టల మీద ఎర్రటి మరకలు కనిపించే సన్నివేశం ఒకటుంది గానీ పాఠకులకు గుర్తుండిపోయేది ఈ చెయ్యే.

రక్తం తక్కువైతే భయం తక్కువ అవుతుందా?

కాదు. సిఫారసులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

సూసన్ హిల్ 1983 నవల 'ది వుమన్ ఇన్ బ్లాక్'లో నెత్తురు దాదాపు లేదు. పొగమంచు, బురద నేల, పాత ఇంట్లో ఊగే కుర్చీ చప్పుడు, దూరంగా నిలబడ్డ నల్లబట్టల ఆడమనిషి. అయినా చదివి ముగించాక మనసు కుదుటపడటం కష్టం, ఎందుకంటే కథ మొత్తం పసిపిల్లల చావు చుట్టూ తిరుగుతుంది. 2012లో దీన్ని సినిమాగా తీసినప్పుడు బ్రిటన్ సర్టిఫికేషన్ బోర్డు కొన్ని కత్తిరింపుల తర్వాత, పెద్దలు తోడుంటే పన్నెండేళ్లలోపు పిల్లలూ చూడవచ్చనే 12ఎ వర్గం ఇచ్చింది. ఆ ఏడాది బోర్డుకు అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది ఈ చిత్రం మీదే, మొత్తం 134. పిల్లలు జడుసుకున్నారన్నదే వాటి సారాంశం. రక్తం లెక్కేసి వర్గం తేల్చితే భయం లెక్క తప్పవచ్చని ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ అరుదు. అదే బోర్డు ఇప్పుడు ప్రేక్షకులకిచ్చే సమాచారంలో బెదిరింపు, భయం ఒక పద్దుగా, హింస ఇంకో పద్దుగా, గాయాల వివరం మరో పద్దుగా రాస్తోంది. పుస్తకాలకు అలాంటి పట్టిక ఏదీ లేదు.

మూడో కొలత కూడా ఒకటుంది, క్రూరత్వం. టోనీ మోరిసన్ 1987 నవల 'బిలవ్డ్' దెయ్యం కథే. చనిపోయిన బిడ్డ ఇంటిని పట్టుకుని ఉంటుంది. అందులో రక్తం కోసం రక్తం లేదు, కానీ బానిసత్వపు హింస, తల్లి చేతిలో బిడ్డ మరణం ఉన్నాయి. గొప్ప సాహిత్యమనే ధీమాతో దీన్ని "నెత్తురు వద్దు" అన్నవారికి ఇస్తే అది సిఫారసు కాదు, మాట వినకపోవడం.

ఎవరికి ఏది

నవ్వుతూ మొదలుపెట్టదలచినవారికి ఆస్కార్ వైల్డ్ 1887 కథ 'ది క్యాంటర్‌విల్ గోస్ట్' కన్నా మంచి ద్వారం లేదు. శతాబ్దాల నాటి హత్య తాలూకు నెత్తుటి మరక గ్రంథాలయం నేల మీద ఉంటుంది. కొత్తగా దిగిన అమెరికన్ కుటుంబం మరకలు పోగొట్టే మందుతో దాన్ని తుడిచేస్తుంది. తెల్లారేసరికి మళ్లీ ప్రత్యక్షం. తర్వాత తేలేదేమిటంటే దెయ్యం ఆ ఇంటి అమ్మాయి రంగుల పెట్టె దొంగిలించి మరకను రోజూ దిద్దుతోంది, ఎర్రరంగు అయిపోయాక పచ్చరంగు కూడా వాడేసింది. నెత్తుటిని ఇంతకన్నా బాగా వెక్కిరించిన దెయ్యం కథ కనబడదు.

మనసు కరిగే కథ కావాలంటే డికెన్స్ 1843 నాటి 'ఎ క్రిస్మస్ క్యారల్' అందరికీ తెలిసిందే. ఆయనదే 1866 నాటి 'ది సిగ్నల్-మ్యాన్' చిన్నది, చల్లగా వెన్ను తడుముతుంది. రైలు సొరంగం, ఎర్రదీపం, ముందే హెచ్చరించే ఆకారం. దానికి ఏడాది ముందు డికెన్స్ స్వయంగా స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదంలో బయటపడ్డారు.

పాండిత్యపు వాసన ఇష్టపడేవారికి ఎం. ఆర్. జేమ్స్. 1862లో పుట్టి 1936లో పోయిన ఈయన మధ్యయుగ గ్రంథాల పండితుడు, కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీకి అధిపతి, క్రిస్మస్ రాత్రుల్లో మిత్రులకు తన కథలు చదివి వినిపించేవారు. తొలి సంపుటం 1904లో వచ్చింది. దెయ్యం కథకు నిగ్రహం కావాలని, కడుపు తిప్పించడం చాలా తేలికని 1929 వ్యాసంలో రాసింది ఈయనే. అయితే కళ్లు మూసుకుని సంపుటం మొత్తం ఇచ్చేయకూడదు. పిల్లల గుండెలు కోసిన 'లాస్ట్ హార్ట్స్' కూడా ఆయన రాసిందే. ఈల ఊదితే వచ్చే ఆకారం ఉన్న కథతో మొదలుపెట్టి, 'లాస్ట్ హార్ట్స్'ను దాటేయవచ్చు.

సంపుటాల విషయంలో ఈ జాగ్రత్త అంతటా పనికొస్తుంది. లఫ్కాదియో హెర్న్ 1904లో జపాన్ గాథలను తిరగరాసిన 'క్వైదాన్'లో మంచుకన్య కథ వెన్నెలలా ఉంటుంది, ముఖమే లేని మనిషి కథ రెండు మూడు పుటల్లో ముగుస్తుంది. అదే పుస్తకంలో గుడ్డి గాయకుడు హోయిచి చెవులను దెయ్యం పీకేస్తుంది. క్షణంలో అయిపోతుంది గానీ చెప్పి ఇవ్వడం మర్యాద. చైనా రచయిత పు సాంగ్‌లింగ్ 1715లో మరణించాక చాలాకాలానికి, 1766లో, అచ్చయిన అద్భుత కథల సంపుటంలో దాదాపు 500 కథలున్నాయి. దెయ్యపు యువతి న్యే షియావోచియెన్ ప్రేమకథ మృదువైనది. 'చిత్రించిన చర్మం'లో రాక్షసి మనిషి రొమ్ము చీల్చి గుండె తీసుకుపోతుంది. ఆ రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి.

దెయ్యాలంటే భయం కాదు, చచ్చినవాళ్ల మాటలు వినాలనే కుతూహలం ఉన్నవారికి హువాన్ రుల్ఫో 1955 నవల 'పెద్రో పారమో'. తండ్రిని వెతుక్కుంటూ కొమాలా అనే ఊరికి వెళ్లిన కొడుకు అక్కడ మాట్లాడుతున్నవారెవరూ బతికిలేరని మెల్లగా గ్రహిస్తాడు. హత్యల ప్రస్తావన ఉంటుంది, వర్ణన తక్కువ. జార్జ్ సాండర్స్‌కు 2017లో బుకర్ బహుమతి తెచ్చిన 'లింకన్ ఇన్ ది బార్డో' శ్మశానంలోని ఆత్మల సంభాషణలతో నడుస్తుంది. అమెరికా అధ్యక్షుడు లింకన్ కొడుకు, 1862లో పదకొండేళ్లకే మరణించినవాడు, అందులో ఉన్నాడు కనుక బిడ్డను పోగొట్టుకున్నవారికి బరువుగా ఉంటుంది. టాగోర్‌దే 'కంకాళ్' కూడా ఈ కోవలోనే చెప్పవచ్చు. వైద్యవిద్య కోసం గోడకు వేలాడదీసిన అస్థిపంజరం తన యవ్వనపు కథ తానే చెప్పుకుంటుంది, ఎముకలున్నా నెత్తురు లేదు.

అట్ట చూసి పోల్చుకోవడం

పాతది కాబట్టి నెమ్మదిగానే ఉంటుందన్న లెక్క నమ్మదగింది కాదని శిరస్త్రాణం కింద పడ్డ పెళ్లికొడుకే చెబుతాడు. అట్ట మీది బొమ్మ కొంత నయం. ఖాళీ ఇల్లు, కిటికీ, పొగమంచు ఉంటే ప్రచురణకర్త భయాన్ని అమ్ముతున్నాడు, కత్తి, చెయ్యి, ఎర్రటి చారికలు ఉంటే రెండోదాన్ని. వెనుక అట్ట మీద వాడే విశేషణాలు ఇంకొంచెం పనికొస్తాయి. గాఢం, వెంటాడే, కలవరపెట్టే అన్నవి ఒక పక్క, నిర్దాక్షిణ్యం, ఒళ్లు గగుర్పొడిచే హింస అన్నవి ఇంకో పక్క.

అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది చివరి నాలుగో వంతు తిరగేస్తే. దెయ్యం నవలల్లో చాలావాటికి మొదటి సగమంతా నిగ్రహమే ఉంటుంది. అప్పటిదాకా దాచినది బయటపెట్టాల్సిన చోట రచయిత చేతిలో మిగిలినదేమిటో అక్కడే కనిపిస్తుంది. కొందరు అక్కడ కూడా తలుపు మూసే ఉంచుతారు, కొందరు ఒక్కసారిగా గొడ్డలి తీస్తారు. ముగింపు తెలిసిపోతుందని బాధపడేవారు ఈ పని చదివినవారికి అప్పగించి, మూడు ప్రశ్నలు అడగొచ్చు: గాయాలను వర్ణించారా? పిల్లలకో మూగజీవాలకో హాని జరుగుతుందా? చదివాక ఒంటరిగా పడుకోగలిగారా? మొదటి రెంటికీ లేదని, మూడోదానికి కూడా లేదని జవాబు వస్తే వెతుకుతున్న పుస్తకం దొరికినట్టే.